చేయి తిరిగింది, నోరే తిరగలేదు: ఒక బొంత కళాకారిణి కేస్ స్టడీ

విశాఖలోని గాజువాక నుంచి ఒకామె మూడేళ్ల కిందట మా ఇంటికి వచ్చింది. చేతిలో బిగ్ షాపర్ సంచి, అందులో నాలుగు మడతలు వేసిన బొంత. నేనింకా దాన్ని ముట్టుకోనేలేదు, "ఏటో అక్కా, తొందరలో కుట్టాను, అంత బాగా రాలేదు" అనేసింది.

మంచం మీద పరిచి చూశాను. అడ్డంగా పద్నాలుగు గళ్లు, నిలువుగా ఇరవై. మొత్తం 280 ముక్కలు. ఐదంగుళాల చదరాలు కత్తిరించి, అన్ని వైపులా పావు అంగుళం కుట్టులోకి పోనిస్తే ఒక్కో ముక్క నాలుగున్నర అంగుళాలు తేలుతుంది. ఆ లెక్కన బొంత 63 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు రావాలి. టేపు పెట్టి చూశాను. దూది పెట్టి కుట్టేటప్పుడు బట్ట కాస్త లాగుతుంది, అది పోను లెక్క సరిపోయింది. ఇందులో గొప్పేముంది అనుకునేవాళ్లకి చెప్తున్నాను: ప్రతి కుట్టూ పావు అంగుళం దాటి, అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగితే చాలు, వరస చివరికి వచ్చేసరికి వెడల్పులో ఒకటిన్నర అంగుళం పైనే పోతుంది. పక్క వరసతో మూలలు కలవవు. ఆమె బొంతలో నాలుగు ముక్కలు కలిసే మూల ఎక్కడ చూసినా దారమంత తేడా లేదు.

"ఎంతకి అమ్ముతున్నావు?" అన్నాను.

"నాలుగున్నర వేలు చెప్తానక్కా. తరవాత వాళ్లకి తోచింది ఇస్తారు."

నేను అక్కయ్యపాలెంలో ఇరవై రెండేళ్లుగా కుట్టుపని నేర్పుతున్నాను. ఈమధ్య కొత్తగా నేర్చుకునేవాళ్ల కన్నా, పని వచ్చి కూడా ఎక్కడో ఆగిపోయినవాళ్లే ఎక్కువ వస్తున్నారు. వాళ్ల పని, ఖాతా, ఇల్లు, ఒళ్లు అన్నీ కలిపి చూడాల్సి వస్తోంది. ఆమె కథ రాస్తానంటే ఒప్పుకుంది, పేరు మాత్రం వద్దంది. రాసింది చదివి వినిపించాకే బయట పెడుతున్నాను.

నేను చేసిన మొదటి తప్పు

ఆమెకి అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. భర్తది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. ఇంట్లో జాకెట్లు కుడుతుంది, ఖాళీ ఉన్నప్పుడు బొంతలు. బొంత కుట్టడం వాళ్ల అమ్మమ్మ దగ్గర చూసి నేర్చుకుంది. ముక్కల లెక్క, డిజైన్లు మాత్రం వీడియోలు చూసి పట్టింది. పదేళ్ల పని. అయినా "పెరగడం లేదక్కా, అక్కడే తిరుగుతున్నాను" అంది.

పెరగడం లేదంటే పని ఇంకా నేర్చుకోవాలి కాబోలు అనుకున్నాను. నేర్పేవాళ్లకి ఉండే జబ్బు ఇది, ఎవరు ఏ బాధ చెప్పినా ఒక క్లాసు మందుగా రాసిచ్చేస్తాం. చేత్తో కుట్టే దూరపు కుట్లకి చాలా టైము పడుతోంది, మిషను మీద కుట్టడం నేర్చుకోమన్నాను. మూడు పొరలూ ఒక్కలాగే కదిలేలా చేసే వాకింగ్ ఫుట్ ఒకటి కొనిపించాను. ఆమె నెలరోజుల్లో నేర్చేసుకుంది. చక్కగా వచ్చింది. మిషను మీద కుట్టిన ఆ రెండు బొంతలనీ మూడేసి వేలకి ఇచ్చేసింది. "చేత్తో కుట్టలేదు కదక్కా, అందుకని తగ్గించాను" అంది.

అప్పుడు బుర్రకి తట్టింది. పని ఎంత నేర్పినా ఆమె దాన్ని ధర తగ్గించుకోడానికే వాడుకుంటోంది.

గీతల పుస్తకం

మిషను సంగతి పక్కన పెట్టి, ఒక లాంగ్ నోట్‌బుక్ కొనిచ్చాను. ఒక బొంతకి ఎన్ని గంటలు పడుతుందో రాయమన్నాను. రెండు వారాల తర్వాత ఖాళీ పుస్తకంతో వచ్చింది. "ఎప్పుడు కుట్టానో నాకే తెలీదక్కా. కుక్కరు పెట్టి రెండు కుట్లు, విజిల్ వచ్చేలోగా నాలుగు కుట్లు." ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడవాళ్ల టైము ఇలాగే ఉంటుంది, చిల్లర చిల్లరగా. గడియారం చూసి మొదలు, ముగింపు రాయమంటే ఎవరికీ కుదరదు.

పద్ధతి మార్చాం. పావుగంట అయితే ఒక గీత. నాలుగు గీతలయ్యాక అడ్డంగా ఐదోది. కత్తిరింపుకి ఒక పేజీ, అతకడానికి ఒకటి, ఇస్త్రీకి, పొరలు పరిచి టాకాలు వేయడానికి, చేతి కుట్టుకి, అంచు కట్టడానికి ఇలా విడివిడిగా. పుస్తకం మిషను డ్రాయరు మీదే, పెన్ను దారంతో కట్టి.

ఒక బొంత పూర్తయ్యాక కూర్చుని కూడాం. కత్తిరింపు 5 గంటలు. అతకడం 11. ఇస్త్రీ 3. పరిచి టాకాలు 3. చేతి కుట్టు 34. అంచు 5. మొత్తం 61 గంటలు. పై బట్ట, దూది షీటు, అడుగున లాంగ్ క్లాత్, దారం అన్నీ కలిపి 1,900 రూపాయలు. నాలుగున్నర వేలకి అమ్మితే మిగిలేది 2,600. గంటకి 42 రూపాయల చిల్లర.

ఆ అంకె ఆమెకి పెద్దగా తగల్లేదు. "పర్లేదక్కా, ఖాళీగా కూర్చునే బదులు" అంది. అందుకని జాకెట్ల లెక్క తీశాం. లైనింగ్ జాకెట్టుకి 350 తీసుకుంటుంది. లైనింగ్ గుడ్డ, హుక్కులు, దారం పోను 240 మిగులుతాయి. రెండున్నర గంటల పని. గంటకి 96.

ఆమె చాలాసేపు ఆ రెండు అంకెల్నీ చూస్తూ కూర్చుంది. ఊళ్లో సందుకొకరు కుట్టే జాకెట్టుకి 96, తను తప్ప ఎవరూ అలా కుట్టలేని బొంతకి 42. నేనేమీ అనలేదు, అనాల్సిన పని కూడా లేకపోయింది.

లెక్కలో ఇంకో సంగతీ బయటపడింది. కత్తిరింపు, ఇస్త్రీ కలిపి ఎనిమిది గంటలంటే ఎక్కువే. ఆమె వరస కుట్టిన ప్రతిసారీ లేచి ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్తోంది. ముక్కలన్నీ జతలు జతలుగా దారం తెంపకుండా గొలుసులా కుట్టుకుపోయి, అన్నీ ఒకేసారి ఇస్త్రీ చేస్తే సరిపోతుంది. నేల మీద కూర్చుని కత్తెరతో ఒక్కో చదరం కోయడం మాని, మోచేతి ఎత్తు బల్ల మీద, చక్రంలా తిరిగే బ్లేడుండే రోటరీ కట్టరుతో నాలుగు పొరలు ఒకేసారి కోయడం మొదలుపెట్టింది. కత్తిరింపు, ఇస్త్రీ, అతకడం అన్నిట్లో కలిపి తొమ్మిది గంటలు తగ్గి 52కి వచ్చింది. చేతి కుట్టు జోలికి మాత్రం పోలేదు. ఆ 34 గంటలే ఆ బొంతకి ప్రాణం.

జాకెట్టు లెక్కనే తీసుకుని గంటకి 95 చొప్పున 52 గంటలకి 4,940. సామాను 1,900. కరెంటు, సూదులు, మిషను అరుగుదల కింద 360. మొత్తం 7,200. సూదుల మాట ఎందుకంటే, విశాఖ గాలికి పొట్లంలో ఉన్న సూదులకి కూడా తుప్పు పట్టేస్తుంది. తుప్పు సూది ఒక్కసారి తెల్ల బట్టలో దిగితే ఆ గోధుమరంగు చుక్క ఓ పట్టాన పోదు. వాడినా వాడకపోయినా పారేసి కొత్తవి తీసుకోమంటాను.

ధర చెప్పాక సూదిలో దారం ఎక్కించు

ధర కాగితం మీద బాగానే ఉంది. నోటితో చెప్పాలిగా!

నేను కొనేవాళ్లలా కూర్చున్నాను. "ఏటమ్మా, దుప్పటికి ఏడు వేలా? పూర్ణా మార్కెట్లో వెయ్యికి రజాయి ఇచ్చేత్తన్నారు."

"అవునమ్మా... మీరెంత అనుకుంటున్నారు?"

మళ్లీ మొదలు. "ఎంతమ్మా ఇది?" "ఏడు వేల రెండొందలండి, కానీ మీకైతే..." మళ్లీ మొదలు. నవ్వుకుంటూనే పన్నెండుసార్లు చేశాం. ధర చెప్పడం ఆమెకి వచ్చింది, చెప్పాక ఊరుకోవడమే రాలేదు. అవతలి మనిషి రెండు క్షణాలు మాట్లాడకపోతే చాలు, ఆ ఖాళీని తన డబ్బుతో పూడ్చేస్తోంది.

చివరికి ఒక ఉపాయం దొరికింది. ధర చెప్పిన వెంటనే సూది చేతిలోకి తీసుకుని దారం ఎక్కించాలి. దారం కొస తడిపి సూది బెజ్జంలోకి పోనిచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడలేరు. ఈలోగా అవతలివాళ్లు ఏదో ఒకటి అంటారు. తీసుకుంటామంటే సరే, వద్దంటే కూడా సరే. బతిమాలుకోవడం ఉండదు.

ఇందులోనే "బొంత" అన్న మాట గొడవ కూడా వచ్చింది. ఆమె బొంత అనడం మానేసి ప్యాచ్‌వర్క్ క్విల్ట్ అని చీటీ అంటిస్తోంది. బొంత అంటే లేనివాళ్లు కప్పుకునేదని మనలో ఒక చిన్నచూపు. పేపర్లో కూడా పార్టీలన్నీ కలిసి ప్రభుత్వం పెడితే అతుకుల బొంత అని వెటకారంగా రాస్తారు, రాసినవాళ్లు ఒక్క వరసైనా అతికి చూడాలి. మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది, బెంగాల్లో కాంథా అని ఎవరి మాట వాళ్లు దాచుకున్నారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాలతో కుట్టుకున్న బొంతల్ని 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాల్లో గోడలకి పెట్టారు. 2006లో వాటి మీద తపాలా బిళ్లలు వేశారు. ఆ ఫొటోలు చూపించాను. "ఇవి వంకరగా ఉన్నాయి కదక్కా" అంది మొదట. పది నిమిషాల తర్వాత "వంకరగా ఉన్నా బాగున్నాయేటి?" అంది. పేరు విషయం ఆమెకే వదిలేశాను. ఇప్పుడు చీటీ మీద "చేతి బొంత" అని రాస్తోంది.

ఎర్ర అంచు చీర

అంతా గాడిన పడిందనుకున్న సమయంలో దెబ్బ తగిలింది. అందులో నా తప్పూ ఉంది.

సీతమ్మధార నుంచి ఒకావిడ ఆర్డరిచ్చింది. అమ్మ, నాన్న ఇద్దరూ ఏడాది తేడాతో పోయారు. వాళ్ల బట్టలతో ఒక బొంత కావాలి. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో పెట్టుకోకూడదు అనేవాళ్లు ఉంటారు. అమ్మమ్మ నేత చీర బొంతలో పిల్లల్ని పడుకోబెట్టనివాళ్లు మాత్రం తక్కువ. ఇచ్చిన వాటిల్లో అమ్మగారి ఎర్ర అంచు నేత చీర ఒకటి, నాన్నగారి పొందూరు పంచె ఒకటి. పొందూరు ఖద్దరంటే దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికిన నూలు. అంత తెల్లని, అంత మెత్తని బట్ట మళ్లీ తెమ్మంటే తేలేం.

కుట్టడం పూర్తయింది. ఇచ్చే ముందు శుభ్రంగా ఉండాలని ఉతికింది. ఎర్ర అంచు రంగు దిగి పంచె ముక్కలకి పట్టేసింది. కంగారులో ఎండలో ఆరేసింది. మరక కనబడకుండా పోతుందేమోనని ఇస్త్రీ కూడా చేసింది.

ఇదంతా నాకు నాలుగు రోజుల తర్వాత రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్‌లో తెలిసింది. ఈలోగా ఆ సీతమ్మధార ఆవిడ రెండుసార్లు ఫోన్ చేస్తే "ఇంకా అంచు కట్టాలండి" అని చెప్పింది.

నా తప్పేమిటంటే, బట్ట రంగు పరీక్ష గురించి నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. పదేళ్ల పనికి ఇది తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. ఆమె ఎప్పుడూ కొత్త బట్ట, ఒకే షాపు సరుకు వాడింది, అవసరం పడలేదు. నాకు మాత్రం బాగా తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా డాబా మీద గదిలోకి నీళ్లు కొట్టి, అల్మరాలో బట్టంతా తడిసింది. రోజుల తరబడి కరెంటు లేదు. ఒకదాని మీద ఒకటి తడిగా పడున్న బట్టలు ఒకదాని రంగు ఒకటి తాగేశాయి. ఆరాక ఎంత ఉతికినా రాలేదు. అంత నష్టపడి నేర్చుకున్నది నాతోనే ఉంచేసుకున్నాను.

కుట్టేవాళ్లకి పనికొస్తుంది కాబట్టి చెప్తాను. ఏ ముక్కనైనా వాడే ముందు గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్ల రంగు చూడాలి. తర్వాత తడిగానే తెల్లగుడ్డ మీద పెట్టి నొక్కి చూడాలి. పాత చీరైనా సరే, ఎన్నిసార్లు ఉతికిందైనా సరే. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు పట్టేస్తుందని మనందరి నమ్మకం. రంగు అద్దేటప్పుడు ఉప్పు పనికొస్తుంది, అద్దేశాక వదులుగా ఉన్న రంగుని అది పట్టి ఉంచలేదు. దిగిపోతే చేయాల్సిందల్లా ఒకటే, ఆరనివ్వకూడదు. పెద్ద టబ్బు నిండా వేడినీళ్లు, సబ్బు పొడి వేసి, బొంత మొత్తం మునిగేలా రాత్రంతా ఉంచాలి. నీళ్లు రంగు తిరిగితే మార్చి, మళ్లీ నానబెట్టాలి. నీళ్లు ఎక్కువుంటే వదిలిన రంగు నీళ్లలోనే ఉండిపోతుంది, బట్టకి తిరిగి పట్టే అవకాశం తక్కువ. పొందూరు లాంటి పాత ఖద్దరుని చేత్తో పిండకూడదు. ఎండ, ఇస్త్రీ తగిలాక ఇవన్నీ సగమే పనిచేస్తాయి. ఆమె బొంతలో చాలా ముక్కలు తేలికపడ్డాయి, నాలుగు ముక్కలు మాత్రం గులాబీరంగులోనే ఉండిపోయాయి.

బట్ట సంగతి అంతే. ఇక మనిషికి చెప్పడం మిగిలింది.

"రంగు దిగిపోయిందండి అని చెప్తాను" అంది. మన భాషలో ఇదొక సుఖం. గిన్నె పగిలిపోయింది, టైము అయిపోయింది, రంగు దిగిపోయింది. అన్నీ వాటంతటవే అవుతాయి, చేసినవాడు ఉండడు. "నేను పరీక్ష చేయకుండా కుట్టాను" అని మొదలుపెట్టమన్నాను. రెండో వాక్యం, "మీరు ఫోన్ చేసినప్పుడు అబద్ధం చెప్పాను." మూడోది, ఇప్పుడు చేయగలిగినవి ఏమిటో. మళ్లీ నానబెట్టి చూడొచ్చు. నాలుగు ముక్కలూ విప్పి మార్చొచ్చు, కానీ చేతి కుట్టు చుట్టుపక్కల వదులైపోతుంది. లేదా మిగిలిన పంచె గుడ్డతో పైన మాసిక వేయొచ్చు. ఏది కావాలో ఆవిడే చెప్పాలి.

నేను తోడు వస్తానంటే వద్దంది. ఒక్కతే బస్సెక్కి వెళ్లింది.

ఆవిడ కేకలు వేయలేదట, వేసుంటే బాగుండేది అంది ఆమె. ఫొటోలు తీసుకుని, తమ్ముణ్ణి అడిగి చెప్తానంది. పన్నెండు రోజులు ఏ మాటా లేదు. తర్వాత తమ్ముడు ఫోన్ చేసి అడ్వాన్సు మూడు వేలు వెనక్కి ఇమ్మన్నాడు, మాసిక వేసి బొంత ఇమ్మన్నాడు. ఇచ్చింది. నాలుగు మాసికలకి మరో ఆరు గంటలు పట్టాయి, అవీ పుస్తకంలో గీతలయ్యాయి. ఆవిడ బొంత తీసుకుంది, మళ్లీ రాలేదు, ఎవరినీ పంపలేదు.

ఆ తర్వాత ఆర్డరు తీసుకునేటప్పుడు ఒక చీటీ రాయడం మొదలుపెట్టింది, రెండు కాపీలు. ఏ బట్టలు ఎన్ని ఇచ్చారు, కొలత ఎంత, ఎప్పటికి ఇస్తుంది, సగం అడ్వాన్సు. కింద ఒక వాక్యం: రంగు పరీక్షలో నిలబడని బట్టని వాడను, లేదా విడిగా గోడకి పెట్టుకునే ముక్కగా కుట్టి ఇస్తాను. వచ్చిన బట్టల ఫొటో తీసి ఎదురుగానే పంపిస్తుంది. ఈ చీటీ నేను చెప్పింది కాదు, ఆమే రాసుకుంది. చాలా బాగుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ ఇప్పుడు దాన్నే చూపిస్తున్నాను.

ఏడాది లెక్క

నా దగ్గరికి రాకముందు ఏడాదిలో 11 బొంతలు కుట్టింది. మిగిలింది 28,600. పట్టిన టైము 671 గంటలు. ధర మార్చాక వచ్చిన మొదటి ఏడాదిలో, ఆ సీతమ్మధార ఆర్డరు కాకుండా, అమ్మింది 6 మాత్రమే. ధర విని వెళ్లిపోయినవాళ్లు చాలామందే. మిగిలింది 29,640. పట్టింది 312 గంటలు. డబ్బు దాదాపు అంతే, టైము సగం కూడా లేదు. దీన్ని విజయం అనాలో వద్దో తేల్చుకోలేకపోయాను. ఆమె భర్త అయితే "అంటే ఏటీ పెరగలేదన్నమాట" అన్నాడట.

ఆమెకి భుజం నొప్పి కూడా ఉండేది, అదీ తగ్గింది. మోచేతి ఎత్తు బల్ల, ముప్పావు గంటకోసారి లేవడం, వేలికి అంగుస్తాను, అంటే సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగు. ఇంతకన్నా చెప్పడానికేం లేదు, చేస్తే తగ్గుతుంది, చేయకపోతే తగ్గదు.

మిగిలిన గంటల్లో కొత్త డిజైన్లు ఏమైనా వేశావా అని అడిగాను. "పడుకున్నానక్కా" అంది. మొహం చూస్తే నిజమే అనిపించింది.

రెండో ఏడాది చివర్లో మాత్రం ఒక బొంత ఎవరూ అడగకుండా కుట్టుకుంది. బూడిదరంగు, తుప్పురంగు, మధ్యలో ఒక్కచోట నారింజ. గాజువాక మేడ మీంచి రాత్రి కనబడే ప్లాంటు వెలుగట. గళ్లు సమానంగా లేవు, మూలలు కలవలేదు, కావాలనే కలపలేదు. అమ్మనంది. నేను కూడా అమ్మమని చెప్పలేదు.

బంధువుల దగ్గర మాత్రం ఇప్పటికీ నోరు తిరగడం లేదు. మొన్న ఆడపడుచు కూతురి సీమంతానికి బొంత కావాలన్నారు. "మనమ్మాయికే కదా వదినా" అన్నారట, సూది తీసుకునే సందు కూడా ఇవ్వలేదట. కుట్టి ఇచ్చేసింది. పుస్తకం తెచ్చి చూపించింది. ఆ బొంత పేజీలో డబ్బు రాసే గడి ఖాళీగా ఉంది. పక్కన పావుగంట గీతలు వరసగా ఉన్నాయి, కింద కూడి 49 గంటలు అని రాసింది.